'హైబ్రిడ్' బిళ్లకి ఎంత ఇస్తారు భాయ్?



ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో వార్తల గురించి అడిగేవి తక్కువ, బండ్ల గురించి అడిగేవి ఎక్కువ. రిపోర్టరంటే దునియాలో అన్నీ తెలిసే ఉంటాయని మనవాళ్ల గుమాన్. పలాస నుంచి ఒకరు, టెక్కలి నుంచి ఒకరు, సోంపేట నుంచి ఇంకొకరు. అందరి సవాల్ మాత్రం ఒకటే: "భాయ్‌జాన్, హైబ్రిడ్ ఎస్‌యూవీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో సస్తాగా వస్తోంది, తీసుకోమంటారా?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు ఇక్కడ ఒకసారి రాసేస్తే నయం అనిపించింది.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఇది ఉర్దూ రాయ్, తెలుగు రాయి కాదు, ఎవరి నెత్తినా పడదు. 2015 నుంచి 2017 దాకా 'హైబ్రిడ్' అని పేరు పెట్టుకుని వచ్చిన డీజిల్ బండ్లకి ఆ పేరు చూసి ఒక్క రూపాయి కూడా జ్యాదా ఇవ్వొద్దు. అసలైన హైబ్రిడ్ దొరికితే, జనం దేనికి భయపడుతున్నారో దానికి కాదు, వేరే వాటికి భయపడాలి. ఇక మూడోది, నాకు ఎక్కువ ఫికర్ కలిగించేది: ఆ బండి ఆగిపోయిన రోజున దాని మూత విప్పే చెయ్యి మన చుట్టుపక్కల ఉందా?

ముందు ఈ పేరు సంగతి తేల్చుకుందాం. హైబ్రిడ్లలో రెండు నస్ల్‌లు ఉన్నాయి. ఒకదాంట్లో బ్యాటరీ, మోటారు కలిసి బండిని నిజంగానే నడుపుతాయి. ఇంజిన్ ఆగిపోయి ఉన్నా చక్రాలు తిరుగుతాయి. రెండోదాంట్లో సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగుతుంది, క్లచ్ తొక్కితే మళ్లీ లేస్తుంది, బ్రేకు వేసినప్పుడు ఆల్టర్నేటరు కాస్త ఎక్కువ చార్జి లాక్కుంటుంది. ఆ కాస్త సాయమే తప్ప కరెంటుతో బండి ఒక్క అడుగు కూడా కదలదు. దీన్నే మైల్డ్ హైబ్రిడ్ అంటారు. మన దేశంలో మహీంద్రా 2008లోనే స్కార్పియోకి మైక్రో హైబ్రిడ్ అనే పేరుతో ఈ ఏర్పాటు పెట్టింది. 2015లో మారుతి సియాజ్, ఎర్టిగా డీజిళ్లకి ఎస్‌హెచ్‌వీఎస్ అని తగిలించింది. 2016 జూలైలో స్కార్పియో ఇంటెల్లి-హైబ్రిడ్ వచ్చింది. ఎర్టిగాని ఎస్‌యూవీ అంటే పుస్తకాలవాళ్లు ఒప్పుకోరు గానీ, మన దగ్గర ఏడుగురు ఎక్కి వెనకాల దేగ్చీ కూడా పడితే అది ఎస్‌యూవీయే.

ఆ రెండు మూడేళ్లలోనే ఇన్ని హైబ్రిడ్లు ఎందుకు పుట్టుకొచ్చాయి? ఇంజిన్‌లో జవాబు దొరకదు, సర్కారీ కాగితాల్లో దొరుకుతుంది. 2015 ఏప్రిల్‌లో కేంద్రం ఫేమ్ పథకం పెట్టింది. ఎలక్ట్రిక్ బండ్లతో పాటు మైల్డ్ హైబ్రిడ్‌కీ రాయితీ ఇచ్చింది, కారుకి 13,000 రూపాయల దాకా. 2016 జనవరిలో ఢిల్లీలో సరి-బేసి నంబర్ల నియమం పెట్టినప్పుడు హైబ్రిడ్లకి మినహాయింపు దొరికింది. అంటే వెనక డోరు మీద ఆ బిళ్ల ఉంటే పైసా మిగులుతుంది, రోడ్డు మీద తిరిగే ఇజాజత్ కూడా దొరుకుతుంది. తరువాత 2017 ఏప్రిల్ 1 నుంచి మైల్డ్ హైబ్రిడ్‌కి ఫేమ్ రాయితీ ఆపేశారు. జూలైలో జీఎస్టీ వచ్చి పెద్ద హైబ్రిడ్ల మీద 28 శాతం పన్ను, 15 శాతం సెస్, మొత్తం 43 శాతం వేసింది. తరువాతి స్కార్పియోల్లో ఆ ఇంటెల్లి-హైబ్రిడ్ ముక్క కనిపించలేదు. రాయితీ కోసం వచ్చిన మెహమాన్, రాయితీ పోగానే బయల్దేరిపోయాడు. ఇప్పుడు మన మేదరవీధుల్లో, కాశీబుగ్గ సందుల్లో తిరుగుతున్నది ఆ మెహమాన్ వదిలి వెళ్లిన సామానే.

ఇప్పుడు హిసాబ్ చూద్దాం. ఇంటెల్లి-హైబ్రిడ్ వల్ల డీజిల్ 7 శాతం దాకా ఆదా అవుతుందని కంపెనీ చెప్పింది. సరే, పూర్తిగా 7 శాతమే అనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకి 13 ఇస్తే 920 లీటర్ల పైచిలుకు తాగుతుంది. అందులో 7 శాతం అంటే 65 లీటర్లు. లీటరు వంద అనుకున్నా ఏడాదికి ఆరున్నర వేలు. అది కూడా ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్లే మహానగరం లెక్క. మనం తిరిగేది ఎక్కడ? పలాస నుంచి శ్రీకాకుళం, శ్రీకాకుళం నుంచి విశాఖ, ఎన్‌హెచ్-16 మీద ఎనభైలో పోయే పోక. ఆ రోడ్డు మీద ఇంజిన్ ఎక్కడ ఆగుతుంది? టోల్‌గేటు దగ్గర ఒకసారి, టీ దగ్గర ఒకసారి. టీ దగ్గర మనమే ఆపుతాం, దానికి హైబ్రిడ్ ఎందుకు? పైగా మే నెల ఎండలో ఏసీ ఫుల్లుగా పెడితే, చల్లదనం తగ్గకుండా ఉండటానికి ఆ సిస్టమే ఇంజిన్‌ని ఆపనివ్వదు. ఆరున్నర వేలలో సగం కూడా చేతికి రాదు.

అటు ఖర్చు చూడండి. రోజుకి ఇరవై ముప్పై సార్లు ఇంజిన్‌ని లేపాలంటే మామూలు బ్యాటరీ తట్టుకోదు. వీటికోసం వేరే రకం బ్యాటరీ వేస్తారు, అది మామూలుదాని కంటే బాగా ఖరీదు. మొదటి యజమాని దగ్గర అది అయిపోయి ఉంటుంది. రెండోవాడు ఖర్చుకి వెనకాడి మామూలు బ్యాటరీ వేయించి ఉంటాడు. అప్పుడు ఇంజిన్ ఆగి లేచే పని ఒకటి సరిగా జరగదు, లేదా ఆ బ్యాటరీ ఏడాదికే చచ్చిపోతుంది. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఒకటి ఉంటుంది, బ్యాటరీలో ఎంత దమ్ ఉందో అది చెబుతుంది. మన సముద్రపు గాలికి దాని మీద పచ్చటి చిలుము పట్టేస్తుంది, ఇక అది అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది. ఎస్‌హెచ్‌వీఎస్ బండ్లలో స్టార్టరు, ఆల్టర్నేటరు రెండూ ఒకే యంత్రం, బెల్టుతో ఇంజిన్‌కి కట్టి ఉంటుంది. ఆ బెల్టు, దాని టెన్షనరు అరిగితే పొద్దున్నే కుయ్యిమని ఏడుస్తుంది. బెల్టు చౌకే. ఆ యంత్రం మాత్రం చౌక కాదు.

అంతమాత్రాన ఆ బండ్లు ఖరాబు అనుకోవద్దు. స్కార్పియో స్కార్పియోయే, ఎర్టిగా ఎర్టిగాయే. గట్టి డీజిల్ బండ్లు. వాటిని డీజిల్ బండి ధరకి కొనండి, డీజిల్ బండిలాగే చూసుకోండి. హైబ్రిడ్ అనేది ఆ బండి మీద ఒక అదనపు బ్యాటరీ ఖర్చు, అంతే. బేరంలో అది ధర పెంచే సంగతి కాదు, తగ్గించే సంగతి.

మా మొహల్లాలో ఒక కుర్రాడు ఉన్నాడు. ఉద్దానం ఊళ్ల నుంచి కిడ్నీ పేషెంట్లను డయాలిసిస్‌కి తీసుకెళ్లి తీసుకురావడమే వాడి రోజీ. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస అంటే బయటివాళ్లకి కొబ్బరి, జీడిపప్పు. మనకి ఇంటింటికీ ఒక మందుల సంచి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాక విశాఖ దాకా వెళ్లే పరుగు కొంత తగ్గింది గానీ, పూర్తిగా ఆగలేదు. డయాలిసిస్ వారానికి రెండుసార్లు, మూడుసార్లు. ఒక్కో విడత నాలుగు గంటలు. అది అయ్యాక మనిషిలో జాన్ ఉండదు. ఆటోలో వంగి ఎక్కలేరు, చిన్న కారులోకి కిందికి దిగి కూర్చోలేరు. ఎస్‌యూవీ సీటు నడుము ఎత్తులో ఉంటుంది, పక్కకి తిరిగి కూర్చుంటే చాలు. మన దగ్గర ఎస్‌యూవీ కావాలనేవాళ్లలో సగం మందికి అది షోకు కాదు, మజ్బూరీ.

ఆ కుర్రాడు ఒకసారి నన్ను వెంటబెట్టుకుని ఒక సెకండ్ హ్యాండ్ బండ్ల చోటుకి తీసుకెళ్లాడు. 2016 మోడల్ హైబ్రిడ్, ఒడిశా నంబరు. అమ్మేవాడు మాటకారి. "ఇది హైబ్రిడ్డు కదేటి బావూ, మైలేజీ ఇరగదీసేస్తాది" అన్నాడు. ఇంజిన్ ఆగి లేచేది చూపించమంటే, "అది ఇబ్బందని కట్టేసినాం" అన్నాడు. ఆ స్విచ్చి నిజంగానే ఉంటుంది, చాలామంది కట్టేస్తారు కూడా. అయితే ఆన్ చేసి, ఇంజిన్ వేడెక్కేదాకా నాలుగు కిలోమీటర్లు తిప్పి చూడాలి కదా. తిప్పాం. ఒక్కసారీ ఆగలేదు. బానెట్ లేపితే లోపల మామూలు బ్యాటరీ. కింద దూరి ఫోన్ టార్చి వేస్తే, వెనక చక్రాల మధ్య ఛాసిస్ మీద కొత్త నల్ల పెయింటు. వేలితో గోకితే పెయింటు కింద పొరలు పొరలుగా తుప్పు. కుర్రాడు అప్పటికి బయానా ఇవ్వలేదు, అల్‌హందులిల్లాహ్. తరువాత వాడు హైబ్రిడ్ బిళ్ల లేని పాత డీజిల్ ఒకటి తీసుకున్నాడు, ఇంకా తక్కువకే.

ఉప్పు సంగతి బయటివాళ్లకి అర్థం కాదు, మనకి చెప్పక్కర్లేదు. టెక్కలి నుంచి అటు పోతే నౌపడ ఉప్పు మడులు, ఇటు పోతే బారువ, భావనపాడు తీరం. ఇక్కడి గాలిలో సైకిల్ చైను కూడా ఏడాది బతకదు. సముద్రానికి అయిదు, పది కిలోమీటర్లలో బతికిన బండిని ముందు కింద నుంచి చూడాలి, తరువాతే పై నుంచి. మనవాళ్లు ఉల్టాగా చేస్తారు. సీట్ కవర్లు, స్క్రీను, అల్లాయ్ చక్రాలు చూసి దిల్ ఇచ్చేస్తారు. హైబ్రిడ్‌లో కనెక్టర్లు, సెన్సర్లు మామూలు బండి కంటే ఎక్కువ. ఎన్ని జోడింపులు ఉంటే ఉప్పుకి అన్ని దర్వాజాలు.

దానికి తోడు అక్టోబరు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ మన నెత్తిమీదే దిగింది. కొబ్బరిచెట్లు కూలి వాటి కింద నలిగిన బండ్లు మీలో చాలామంది కళ్లారా చూశారు. అలాంటి బండ్లు, వరదలో మునిగిన బండ్లు తరువాత ఎక్కడికి పోతాయని ఎప్పుడైనా ఆలోచించారా? ఇన్సూరెన్సువాళ్లు పూర్తి నష్టం కింద తీసుకుంటారు, వేలం వేస్తారు. ఎవరో కొంటాడు, కడుగుతాడు, రంగేస్తాడు, ఇంకో జిల్లాలో అమ్ముతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. హైబ్రిడ్‌లో బ్యాటరీ ఎక్కడుంటుంది? కిందే. పెట్రోలు ఎస్‌హెచ్‌వీఎస్ బండ్లలో చిన్న లిథియం బ్యాటరీ డ్రైవరు పక్క సీటు కింద ఉంటుంది. పెద్ద హైబ్రిడ్లలో వెనక సీటు కిందో, డిక్కీ అడుగునో ఉంటుంది. పిక్క లోతు నీళ్లు చాలు. అందుకని సీటు బెల్టుని పూర్తిగా చివరిదాకా లాగండి. చివరి అడుగులో బురద చార కనిపిస్తే, సలామ్ చెప్పి వచ్చేయండి. స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. అత్తరు వాసన గుప్పుమంటే ఇంకా అనుమానించండి.

కాగితాల సంగతి కొంచెం తొందరగా చెప్పేస్తాను. ఆర్‌సీలో ఇంధనం దగ్గర డీజిల్ అని ఉందో, డీజిల్-హైబ్రిడ్ అని ఉందో చూడండి. పెట్రోల్ బండికీ ఇదే కాయిదా. ఒడిశా నంబరైతే అక్కడి ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ రెండూ మీ నెత్తిన పడతాయి, బేరంలో ముందే కలుపుకోండి. ఢిల్లీ నంబరు మీద ఇంకాస్త హోషియారీ కావాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది. 2015, 2016లో సరి-బేసి భయానికి కొన్న హైబ్రిడ్ డీజిళ్లకి ఇప్పుడే పదేళ్లు నిండుతున్నాయి. అక్కడ భారమైనది ఇక్కడ సస్తాగా దొరుకుతుంది. సస్తాగా దొరకడానికి అసలు సబబ్ ఏమిటో అడిగి తెలుసుకోండి. ఇంకొకటి, తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ పైసా ఇవ్వకపోవచ్చు. పేషెంట్లను తిప్పే పిల్లలు దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

ఇక అసలైన హైబ్రిడ్ల మాటకి వద్దాం. మన దగ్గర మధ్యతరగతి కుటుంబం కన్నెత్తి చూడగల అసలైన హైబ్రిడ్ ఎస్‌యూవీలు వచ్చింది 2022లో. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్. హైరైడర్ లీటరుకి 27.97 కిలోమీటర్లు ఇస్తుందని సర్టిఫికెట్. వాటిలో మొదటివి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌కి వస్తున్నాయి. ఇవి పాతబడితే ఎలా ఉంటాయో మన దేశంలో తజుర్బా ఇంకా లేదు. తజుర్బా ఉన్నది అమెరికాలో.

అక్కడ మొదటి హైబ్రిడ్ ఎస్‌యూవీ ఫోర్డ్ ఎస్కేప్, 2004లో వచ్చింది. మరుసటి ఏడాది టయోటా హైలాండర్ హైబ్రిడ్, లెక్సస్ ఆర్ఎక్స్ 400హెచ్. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకోవడానికి వెళ్లిన మన తెలుగు పిల్లలు పాత బండి వెతుక్కునేటప్పుడు వీటి దగ్గరికే వచ్చి ఆగుతారు. మా మామూ కొడుకు కూడా ఆగాడు, అప్పుడు వాడికోసం చదివిన సంగతులే ఇవి. ఎస్కేప్ హైబ్రిడ్లు న్యూయార్క్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో టాక్సీలుగా తిరిగాయి. టాక్సీగా తిరిగి నిలబడిన బండిని నాజూకు అనలేం. దాని పెద్ద బ్యాటరీ 330 వోల్టులు, లోపల 250 సెల్స్. జనమంతా ఆ బ్యాటరీ పోతుందేమో అని వణికారు. తీరా ఎక్కువగా తిప్పలు పెట్టింది ఏది? కరెంటు పరికరాలని చల్లబరిచే నీళ్లు తిప్పే ఒక చిన్న పంపు. అది ఆగితే పరికరాలు వేడెక్కుతాయి, తెర మీద 'భద్రంగా ఆపేయండి, ఇప్పుడే' అన్న హుకుం వస్తుంది, బండి ఆగిపోతుంది. పంపు పోయిందని తెలియక బ్యాటరీయే పోయిందనుకుని బండిని తెగనమ్ముకున్నవాళ్లూ ఉంటారు.

టయోటాది వేరే కథ. 2006, 2007 మోడల్ హైలాండర్ హైబ్రిడ్లు, ఆర్ఎక్స్ 400హెచ్‌లని 2011 జూన్ చివర్లో వెనక్కి పిలిచారు. ఒక్క అమెరికాలోనే దాదాపు 82,000 బండ్లు. ఇన్వర్టరు అనే పెట్టెలో ట్రాన్సిస్టర్ల టంకం సరిగా పడలేదు, ఎక్కువ కరెంటు లాగినప్పుడు వేడికి దెబ్బతినేవి. అక్కడ ఛాసిస్ నంబరు కొడితే ఆ పని జరిగిందా లేదా అన్నది చూపిస్తుంది. మా వాడు కొట్టి చూశాకే కొన్నాడు. మనమూ ఏ బండి కొన్నా, కంపెనీ వెనక్కి పిలిచిన పని ఏదైనా మిగిలి ఉందా అని ఆ నంబరు పట్టుకుని షోరూములో అడగొచ్చు. అడిగేవాడు లేకనే చెప్పేవాడు లేడు.

ఆ పాత బండ్ల నుంచి మనం నేర్చుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పెద్ద బ్యాటరీకి ఊపిరి కావాలి. చాలా టయోటాల్లో వెనక సీటు దగ్గర ఒక జాలీ ఉంటుంది, దాని లోపల ఫ్యాను. ఆ జాలీకి అడ్డంగా సంచులు, దుప్పట్లు, పిల్లల జుజ్‌దాన్లు పెట్టేస్తే బ్యాటరీ వేడెక్కి ముందే ముసలిదైపోతుంది. ఉద్దానంలో ఎర్ర ఇసుక దుమ్ము, కొబ్బరిపీచు, జీడి బట్టీల పొట్టు ఉన్నాయి. ఆ ఫ్యానుని ఏడాదికి ఒకసారైనా విప్పి శుభ్రం చేయించాలి. పాత బండి కొంటే మొదట విప్పించాల్సింది అదే. ఇంకొకటి, ఇంత పెద్ద బ్యాటరీ ఉన్నా బండిని నిద్రలేపేది మామూలు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీయే. అది చచ్చిపోతే తెర వెలగదు, బండి కదలదు, యజమాని లక్షలు పోయాయని తల పట్టుకుంటాడు. పోయింది కొన్ని వేలు. బ్రేకుల సంగతి చిత్రంగా ఉంటుంది. ఈ బండ్లు ఆగేటప్పుడు ఎక్కువ భాగం మోటారే ఆపుతుంది, ప్యాడ్లు చాలా తక్కువ అరుగుతాయి. ప్యాడ్లు కొత్తగా ఉన్నాయని అమ్మేవాడు మురిసిపోతూ చూపిస్తాడు. వాడకం లేని బ్రేకుకి మన ఉప్పు గాలిలో డిస్కు తుప్పు పడుతుంది, కాలిపర్ బిగుసుకుంటుంది. చక్రం తీసి చూడకుండా నమ్మొద్దు.

బ్యాటరీ మొత్తం మార్చకుండా చెడిపోయిన ఒక్క ముక్క మార్చి ఇస్తామని చెప్పేవాళ్లు ఇప్పటికే తయారయ్యారు. ఆ ముక్క పక్కనున్న మిగతా ముక్కలన్నీ అదే వయసువి, అదే ఎండ తిన్నవి. ఇవాళ ఒకటి మారిస్తే ఆరు నెలలకి ఇంకొకటి. అమ్మేసే ముందు చేయించే మరమ్మతు అది, ఉంచుకునేవాడు చేయించేది కాదు. హైరైడర్ లాంటి వాటికి బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. మిగిలిన వారంటీ మీ పేరుకి వస్తుందా, సర్వీసు రికార్డు తప్పినందువల్ల ఏమైనా పోయిందా అన్నది షోరూము నుంచి రాతలో తీసుకోండి. నోటి మాట వద్దు. ఆ కాగితం దొరికితే మూడేళ్ల అసలైన హైబ్రిడ్ కొనడం నా లెక్కలో తెలివైన సౌదా. పదేళ్ల మైల్డ్ హైబ్రిడ్‌ని హైబ్రిడ్ అని కొనడం కాదు.

మన ఇళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. సూద్ వద్దనుకుని మనలో చాలామంది లోన్ తీసుకోరు. చీటీ ఎత్తి, నగలు అమ్మి, ఉమ్రా కోసం దాచిన డబ్బు కదిలించి, గల్ఫ్ నుంచి తమ్ముడు పంపింది కలిపి, నగదు ఇచ్చి కొంటారు. నియ్యత్ మంచిదే. అయితే లోన్ ఇచ్చే బ్యాంకువాడు తన డబ్బు కోసమైనా కాగితాలు తిరగేస్తాడు, బండి విలువ కట్టిస్తాడు. నగదు సౌదాలో మన తరఫున చూసేవాడు ఎవడూ లేడు. పోతే మొత్తం ఒకేసారి పోతుంది. అందుకని ఒక మెకానిక్‌కి మజూరీ ఇచ్చి రెండు గంటలు బండిని చూపించండి. లక్షలు పెట్టేచోట ఆ చిల్లర దగ్గర కంజూసీ చేసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

అమ్మేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, వాళ్లతోనూ ఒక మాట. ఐబ్ దాచి అమ్మిన సరుకుని కొన్నవాడు తిరిగి ఇచ్చేసే హక్కు గురించి ఫిఖ్ కితాబుల్లో ఖియారె ఐబ్ అని ఒక బాబ్ ఉంది. దాన్ని మదరసాలో చదివినవాళ్లే బ్యాటరీ మార్చిన సంగతి చెప్పకుండా హైబ్రిడ్ ధర అడిగితే ఎలా? "ఎలా ఉందో అలాగే అమ్మాను" అనే మాట నేను చాలా విన్నాను. ఎలా ఉందో చెప్పాక అలా అమ్మితే ఒప్పుకుంటాను.

ఇక ఆ మూత విప్పే చెయ్యి సంగతి. ఈ జిల్లాలో మన ఆబాదీ చాలా తక్కువ. ఉన్నవాళ్లలో ఎన్ని ఇళ్లు మోటారు షెడ్ల మీద బతుకుతున్నాయో మీకు తెలుసు. ఉస్తాద్ దగ్గర పదేళ్ల వయసులో పానా అందించడం, పదిహేనుకి ఇంజిన్ దించడం, ఇరవైకి చెవితో విని ఏ వాల్వు కొట్టుకుంటోందో చెప్పడం. మరమ్మతు అనే మాటే మన ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చింది, ఆ పని కూడా మనవాళ్ల చేతిలోనే ఎక్కువగా నిలిచింది. కాశీబుగ్గ దగ్గర నాకు తెలిసిన ఒక ఉస్తాద్ షెడ్డుకి ఆ మధ్య ఒక అసలైన హైబ్రిడ్ వచ్చింది. మూత లేపి, లోపల నారింజ రంగు తొడుగు వేసిన లావు వైర్లు చూసి, ఆయన చేతులు తుడుచుకుని పక్కకి జరిగాడు. "ఇంజిన్ అయితే మాట్లాడతాది, వింటాను. ఇది మాట్లాడదు. నాకు తెలీని పని నేను పట్టను" అన్నాడు.

నాకు ఆయన మీద ఇజ్జత్ పెరిగింది. ఆ నారింజ వైర్లలో రెండు మూడు వందల వోల్టులు, కొన్నింట్లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఇంటి కరెంటులాగా అది అల్టర్నేటింగ్ మాత్రమే కాదు, బ్యాటరీ నుంచి వచ్చే డైరెక్ట్ కరెంటు కూడా. మేము ఉర్దూ మీడియంలో బర్కీ రౌ అని చదివాం, డిగ్రీలో విద్యుత్ ప్రవాహం అన్నారు, షెడ్డులో కరెంటు అంటారు. ఏ పేరుతో పిలిచినా పట్టుకుంటే జాన్ తీస్తుంది. దానికి ఒక తరీకా ఉంది. బండి ఆపాలి, తాళం దూరంగా పెట్టాలి, చిన్న బ్యాటరీ తీయాలి, వెయ్యి వోల్టులు ఆపే రబ్బరు గ్లవ్స్ వేసుకుని పెద్ద బ్యాటరీ సర్వీస్ ప్లగ్ లాగాలి, లోపల నిలిచిన కరెంటు పోయేదాకా పది నిమిషాలు ఆగాలి, అప్పుడు మీటరు పెట్టి సున్నా చూపించాకే చెయ్యి పెట్టాలి. పది నిమిషాలు ఊరికే నిలబడటం మన షెడ్లలో కుర్రాళ్లకి అన్నిటికంటే ముష్కిల్. కస్టమర్ నెత్తిమీద నిలబడి ఉంటాడు కదా. స్కార్పియో, ఎర్టిగా లాంటి పన్నెండు వోల్టుల మైల్డ్ హైబ్రిడ్లలో ఈ ఖతరా లేదు, వాటిని మామూలుగానే విప్పొచ్చు. ఏది ఏ నస్లో ముందు గుర్తుపట్టడం రావాలి.

తెలియని పని పట్టనని ఉస్తాద్ అనడం ఇవాళ్టికి సరైన జవాబు. పదేళ్ల తరువాత షెడ్డుకి వచ్చేవన్నీ తెలియని పనులే అయితే షాగిర్దులు ఏం తింటారు? షోరూములు విశాఖలో, శ్రీకాకుళంలో ఉంటాయి. పలాసలో రాత్రి పదింటికి పేషెంటుతో ఆగిపోయిన బండి దగ్గరికి సుమారు 180 కిలోమీటర్ల అవతల నుంచి విశాఖ షోరూమువాడు రాడు. వెళ్లేది మన పిల్లలే. ఐటీఐల్లో ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ అనే ట్రేడ్ వచ్చింది. నేను అడిగిన షెడ్డు పిల్లల్లో ఆ పేరు విన్నవాడు ఒక్కడూ లేడు. చదవాలనుకున్నవాళ్లు ఇంకా డీజిల్ మెకానిక్ అనే అంటున్నారు. పదో తరగతి పాసైనవాళ్లూ అందులో ఉన్నారు. చేతిలో హునర్ ముందే ఉంది, కాగితం ఒక్కటే లేదు.

కాబట్టి మస్జిద్ కమిటీల పెద్దలని, షెడ్ల ఉస్తాదులని నేను అడిగేది చిన్నదే. అడ్మిషన్లు పడే వేసవిలో మీ షెడ్డులో పదో తరగతి పాసైన షాగిర్దు ఉంటే, వాణ్ని ఆ ట్రేడ్‌కి పంపండి. సాయంత్రాలు షెడ్డులో పని చేయనివ్వండి, కమాయీ ఆగదు. మార్కుల కాగితం, ఆధార్, కులం సర్టిఫికెట్ ఉంటే అదీ పట్టుకుని రమ్మనండి, ఫారం నేను నింపిపెడతాను. ఆదివారం జొహర్ నమాజ్ తరువాత ఇంట్లోనే ఉంటాను.